మిరాన్ చేతివాటం

మిరాన్ అక్క ఇంట్లో చెప్పుల బీరువా మీద ఏడాదికి పైగా ఒక కానుక పెట్టె ఉండింది. తొమ్మిది డబ్బాల పంది మాంసం, రెండు సీసాల నూనె, పైన ఎర్ర రిబ్బను. మా కొరియాలో చుసోక్ పంటల పండక్కి పనివాళ్ల చేతుల్లో పెట్టే మామూలు పెట్టె. అక్క రోజూ పొద్దున్నే దాని మీద దుమ్ము తుడిచేది కానీ రిబ్బను మాత్రం విప్పేది కాదు. వాళ్లాయన సిటీ బస్సు డ్రైవరు, నోట్లో నాలుక లేని మనిషి. డ్యూటీకి వెళ్తూ వస్తూ ఆ పెట్టెను చూసినప్పుడల్లా ఆయనకు నోరూరేది.

"ఒక్క డబ్బా తెరవవే. కిమ్చీ పులుసులో వేస్తే ఎంత బాగుంటుందో."

"ముట్టుకోకు. అది మాంసం కాదు."

"మరేంటి?"

"పగ."

ఆ పగ ఎట్లా పుట్టిందో, ఎట్లా తీరిందో చెప్పే హక్కు నాకుంది. అది పుట్టిన రోజున నేను పక్కనే నిలబడి నోరు మూసుకున్నాను. చివరికి అది తీరడానికి కూడా నేను నోరు మూసుకోవడమే పనికొచ్చింది.

ఆమె పూర్తి పేరు ప్యో మిరాన్. పంతొమ్మిదేళ్లప్పుడు సియోల్‌లో ఒక రంగుల కొట్లో చేరింది. ఆ రోజుల్లో జపాను కార్టూన్లకు రంగులు మా ఆడవాళ్ల చేతుల మీదే పడేవి. గాజులా కనిపించే పల్చటి ప్లాస్టిక్ షీట్ల మీద బొమ్మ గీసి ఉంటుంది, వెనక వైపు నుంచి రంగు నింపాలి. ఒక మనిషి ఒక షీటు, వెనక నిలబడ్డవాడు ఇంకో షీటు, మాట్లాడే మూతి వేరే షీటు. అన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చి కెమెరా కింద పెడతారు. పైన షీటు పడేకొద్దీ కిందిదాని రంగు మసకబారుతుంది. అందుకని కింది షీటుకు ఒక మెట్టు లేత రంగు వెయ్యాలి, ఇంకా కిందిదానికి రెండు మెట్లు. ఫిల్ము మీద అప్పుడే అన్నీ సమానంగా కనిపిస్తాయి.

చేరిన వారంలోనే అక్క ఆ మెట్టు మర్చిపోయింది. ముఖం కింది షీటు మీద, మూతి పై షీటు మీద, రెండింటికీ ఒకే సీసాలో రంగు. తెర మీద చూస్తే మూతి తెల్లగా, ముఖం మురికిగా. మేస్త్రీ ఆడమనిషి కుంచె కర్ర తిప్పి వేళ్ల మీద కొట్టింది. "ముఖం ఒకరిది, మూతి ఇంకొకరిదా? పొరలెన్నైనా ఉండనీ, ఒంటికి ఒకటే రంగు కనబడాలి!" అని అరిచింది. ఆ దెబ్బ ఎముకల దాకా దిగింది. అప్పటి నుంచి కుంచె పట్టగానే పెదాల్లోనే లెక్క: మొదటి మనిషి, రెండో మనిషి, మూడో మనిషి.

కంప్యూటర్లు వచ్చి ఆ కొట్లన్నీ మూతపడ్డాయి. అక్క పన్నెండేళ్లు స్టేషను ఎదురుగా కింబాప్, అంటే సముద్రపు నాచులో అన్నం, చుట్టి అమ్మింది. నలభై అయిదో ఏట ఆడవాళ్లకు పెట్టిన ఉచిత శిక్షణలో చేరి తెర మీద పెన్నుతో రంగులు వేయడం నేర్చుకుని, బుచాన్‌లో మా స్టూడియోకి వచ్చింది. ఫోన్లలో వారం వారం చదివే బొమ్మల కథ మాది. పేరు 'తొమ్మిదో రేవు'. యజమాని, రచయిత, చిత్రకారుడు అన్నీ సొక్ దోహాన్ గారే. అక్క కంటే పదిహేనేళ్లు చిన్నవాడు. నేను అప్పటికే అక్కడ వెనక గోడలు, పడవలు, మేఘాలు గీస్తున్నాను. నా పేరు గాయోన్.

దోహాన్ గారు మొదటి రోజే ఆమెను "పిన్నీ" అన్నాడు. హోటల్లో ఇంకో గిన్నె ముల్లంగి పచ్చడి కావాలంటే వడ్డించే ఆవిడను పిలుస్తారు చూడండి, సరిగ్గా ఆ గొంతుతో.

కంప్యూటర్‌లోనూ బొమ్మను పొరలు పొరలుగానే వేస్తారు. కాకపోతే ఇక్కడ పై పొర వల్ల కిందిది మసకబారదు, లేతరంగు వేయాల్సిన పని లేదు. అక్క చేతికి ఆ సంగతి తెలియదు. వెనక నిలబడ్డవాడికి ఒక మెట్టు లేత, ఆ వెనకవాడికి రెండు మెట్లు లేత వేసుకుంటూ పోయేది. ఒకే మనిషి ఎన్ని పొరల మీదున్నా ఒకటే మెట్టు.

"అక్కా, ఇక్కడ ప్లాస్టిక్ షీట్లు లేవు కదా," అన్నాను.

"నాకు తెలుసే. దీనికి తెలీదు," అని తన కుడిచేతిని తనే ఒకటి కొట్టింది.

ఇద్దరం నవ్వుకున్నాం. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు, చేతికి పట్టిన వాటం కూడా అంతే అనుకున్నాను. రెండు నెలలు తిరక్కుండానే బొమ్మల కింద పాఠకుల మాటలు మారిపోయాయి. "మనుషుల మధ్య గాలి ఆడుతోంది", "రేవు మంచు ముఖానికి తగులుతోంది" అని రాశారు. దోహాన్ గారు పనిగట్టుకుని అక్క పక్కన కూర్చుని, "ఎలా చేస్తున్నారు పిన్నీ?" అని అడిగాడు. ఈమె షీట్ల సంగతి, మెట్ల సంగతి, మేస్త్రీ దెబ్బతో సహా పూసగుచ్చినట్టు చెప్పింది. పైగా ఆయనకు మిఠాయి కూడా పెట్టింది.

ఆ నెల్లోనే ఒక పత్రికలో ఆయన ముఖాముఖి వచ్చింది. "సముద్రపు మంచు చిన్నప్పటి నుంచీ నా కళ్లలో ఉంది. ఈ రంగుల మెట్లు నేను నేర్చుకున్నవి కావు, నా చేతివాటం," అన్నాడు. ఆయన పుట్టి పెరిగింది దేగులో. అక్కడ సముద్రం చూడాలంటే రైలెక్కాలి. సొమ్మొకడిది సోకొకడిది అంటే ఇదే. నాకు ఒళ్లు మండింది కానీ అక్కకు మండలేదు. బొమ్మ బాగుందన్నారు, చాలులే అంది. ఆమె కోరుకున్నది ఒక్కటే. ప్రతి వారం కథ చివర పనిచేసినవాళ్ల పేర్లు వేస్తారు. కథ, బొమ్మలు: సొక్ దోహాన్. వెనక దృశ్యాలు: గాయోన్. రంగులు: స్టూడియో.

"సార్, రంగులు అన్న చోట నా పేరు వేస్తే..." అని ఏడాదికోసారి అడిగేది.

"చూద్దాం పిన్నీ."

ఆరేళ్లు చూశాడు.

ఆరో ఏడు చుసోక్‌కి వారం ముందు బొమ్మల ప్రదర్శన పెట్టారు. మా అందరినీ రమ్మన్నాడు. జనం నిండిపోయారు. స్కూలు బట్టల్లో ఉన్న ఒక పిల్ల లేచి, దూరంగా ఉన్న మనుషులకు ఆ రంగు ఎలా వస్తుందని అడిగింది. దోహాన్ గారు ఆ ప్రశ్న కోసమే కాచుకున్నట్టు పెద్ద తెర మీద ఒక బొమ్మ తెరిచి ఒక బొత్తాం నొక్కాడు. పొరలన్నీ వాటంతటవే మెట్లు మెట్లుగా లేతబడ్డాయి. ఎవరో స్నేహితుడి చేత రాయించిన పనిముట్టు అది. దానికి 'దోహాన్ మెట్లు' అని పేరు పెట్టాడు. ఆ రోజు నుంచే అమ్మకం. జనం చప్పట్లు కొట్టారు.

సరిగ్గా అప్పుడే అక్క కాగితపు కప్పుల పళ్లెం పట్టుకుని లోపలికొచ్చింది. కాఫీ తెమ్మని పంపింది ఆయనే.

"ఆవిడ ఎవరండీ?" అంది ఆ పిల్ల.

"మా పిన్ని. గిన్నెలో పులుసు పోసినట్టు రంగులు పోసి పెడుతుంది. పాపం, ఇక ఆ శ్రమ కూడా లేదు, బొత్తాం వచ్చేసిందిగా!"

అందరూ పకపకా నవ్వారు. తన ఉద్యోగం పోయిందని అక్కకు తెలిసింది ఆ నవ్వుల్లోనే. పళ్లెంలో ఒక్క చుక్క కూడా ఒలకలేదు. నా వైపు చూసింది. నేను మైకు తీగ చుట్టుకుంటున్నాను. ఒక్క మాట అంటే సరిపోయేది, "ఆ మెట్లు ఈవిడవి" అని. అనలేదు. చివరి పేజీలో నా పేరుంది కదా, అది పోతుందని భయం. అందుకు ఇప్పటికీ నా ముఖం మీద నాకే ఉమ్మాలనిపిస్తుంది.

మర్నాడు కొరియరులో ఆ మాంసం డబ్బాల పెట్టె ఆమె ఇంటికి చేరింది. రిబ్బనుకు ఒక చీటీ: "పిన్నికి, ఇన్నాళ్ల శ్రమకు."

పని పోతే పోయింది, చేతిలో విద్య ఉందిగా అనుకుంది. మూడు స్టూడియోలకు నమూనా బొమ్మలు పట్టుకెళ్లింది. మూడు చోట్లా ఒకటే మాట. "ఇది దోహాన్ గారి పద్ధతి కదండీ. కాపీలా ఉంది. మీ సొంతది ఏమైనా ఉందా?" మూడో చోట గడ్డమైనా సరిగా రాని కుర్రాడు, "ఆ బొత్తాం కొనుక్కున్నారా ఆంటీ, బాగా వాడుతున్నారు," అని మెచ్చుకున్నాడు.

ఆ రోజు నాకు ఫోన్ చేసింది. వెళ్లేసరికి వంటింటి బల్ల ముందు కూర్చుని ఉంది. ఏడుస్తోందనుకున్నాను. ఏడవడం లేదు. ఆ ముఖం చూస్తే నాకు భయమేసింది.

"వాడి ఫైళ్లన్నీ చెరిపేస్తానక్కా," అన్నాను. "స్టూడియో తాళం ఇంకా నా దగ్గరే ఉంది. నువ్వు ఊఁ అను."

"చెరిపితే ఏమవుతుందే? ఒక రోజు ఏడుస్తాడు. జనం అయ్యో పాపం అంటారు. వాడికి జాలి కూడా నేనే సంపాదించి పెట్టాలా?"

"మరి ఊరుకుంటావా?"

"నా చేతివాటాన్ని వాడు చేతివాటం చూపించి ఎత్తుకుపోయాడు. ఇప్పుడు నా చేత్తో నేను ఏం చేసినా వాడి సొమ్ములో చెయ్యి పెట్టినట్టుంది. దొంగ వాడు, దొంగ పేరు నాకు!" బల్ల మీద అరచేత్తో చరిచింది. "మానేస్తా."

"రంగులా?"

"వాటం. ఈ చెయ్యి విరిచి మళ్లీ అతికించుకుంటా. మెట్లు వాడికే వదిలేస్తా, వాణ్ణే ఎక్కమను." ఉన్నట్టుండి ఆగింది. "అవునే, ఆ బొత్తాం దేన్ని లెక్కపెడుతుంది?"

"పొరల్ని. పైనుంచి ఒకటి, రెండు, మూడు..."

"పొరల్నా? మనుషుల్ని కాదా?"

"కంప్యూటర్‌కి మనిషేం తెలుస్తాడక్కా?"

పెట్టె వచ్చాక ఆమె మొదటిసారి నవ్వింది. నవ్వు బాగాలేదు. "ఒంటికి ఒకటే రంగని దానికి ఎవరూ కొట్టి చెప్పలేదన్నమాట. అయితే వస్తాడు. ఈ గడప తొక్కుతాడు. పేరు పెట్టి పిలుస్తాడు. అప్పటిదాకా ఆ డబ్బాలు అక్కడే ఉంటాయి."

ముప్పై ఏళ్ల వాటం మానడం అంటే సిగరెట్ మానడం కాదు. సిగరెట్టయితే కనీసం జేబులోంచి తీసి పారేయొచ్చు. మొదట పొరలు లేకుండా అంతా ఒకే పొర మీద వేయడం మొదలుపెట్టింది. వేళ్లు పొర కోసం తడుముకునేవి. తర్వాత తెర మొత్తాన్ని నలుపు తెలుపు చేసేసింది. తను ఎంచుకున్నది ఎరుపో నీలమో తనకే తెలియదు, ఎంత ముదురో మాత్రమే తెలుస్తుంది. రంగు కనిపిస్తేనే కదా చెయ్యి పాత దారి పట్టేది. ఆదివారాలు నేను పక్కన ఈగల కర్ర పట్టుకుని కూర్చునేదాన్ని. వెనక మనిషి దగ్గరికి రాగానే పెన్ను లేత వైపు జారేది, నేను మణికట్టు మీద ఒక్కటిచ్చేదాన్ని.

"గట్టిగా కొట్టవే, దోహాన్ అనుకుని కొట్టు!"

"అప్పుడు చెయ్యి విరుగుతుందక్కా."

నిద్రలో కూడా లెక్కపెడుతోందని వాళ్లాయన నాతో రహస్యంగా చెప్పాడు. చలికాలమంతా అదే గోల. విసుగొచ్చి పెన్ను విసిరేసినప్పుడల్లా లేచి వెళ్లి ఆ డబ్బాల పెట్టె ముందు కాసేపు నిలబడి వచ్చేది. మొక్కుకోవడానికి కొందరు గుడికెళ్తారు, మా అక్క చెప్పుల బీరువా దగ్గరికెళ్లేది.

వసంతంలో ఒక బొమ్మ చూపించింది. సంతలో ఇద్దరు చేపలమ్మే ఆడవాళ్లు, ఒకరి భుజం ఒకరికి ఆని కూర్చున్నారు. మెట్టు లేదు, మంచు లేదు. ముందున్నామె ఎంత ముదురో వెనకామె అంతే ముదురు. కానీ ఒకామె ఎర్ర రబ్బరు ఏప్రను రంగు పక్కామె గడ్డం కిందికి పాకింది. పక్కామె నీలం తలగుడ్డ నీడ ఈమె చెంప మీదికొచ్చింది.

"ముప్పై ఏళ్లు మనుషుల్ని వేరు వేరు షీట్ల మీద పెట్టానే," అంది. "పక్కపక్కన కూర్చుంటే ఒకరి రంగు ఒకరికి అంటదూ? ఇన్నాళ్లూ నాకు తట్టనే లేదు."

నాకు అసూయ పుట్టింది, దాచుకోవడం ఎందుకు. ఆ బొమ్మ చూసి ఇంచాన్‌లో ఒక చిన్న స్టూడియో వాళ్లు ఆమెను తీసుకున్నారు. చివరి పేజీలో మొదటి వారం నుంచే వేశారు. రంగులు: ప్యో మిరాన్. ఆ పేజీ అచ్చు తీయించి మాంసం డబ్బాల పెట్టెకు ఆనించి పెట్టింది. అక్కడితో సంతోషపడొచ్చు కదా అంటారు. నేనూ అదే అన్నాను. "ఇది వాళ్లిచ్చింది. వాడి దగ్గరున్నది ఇంకా నాకు రాలేదు," అంది.

నవంబరులో వచ్చింది ఆ వారం. 'తొమ్మిదో రేవు'లో పదమూడేళ్లు జైల్లో ఉన్న కొడుకు తిరిగొచ్చి తల్లిని వెనక నుంచి పొదువుకునే ఘట్టం అది. పాఠకులు నెలల తరబడి ఎదురుచూసినది. తల్లి ముందుంది, కొడుకు ఆమె వెనక ఉన్నాడు, అతని చెయ్యి మాత్రం ముందుకొచ్చి తల్లి భుజం మీద ఉంది. అంటే చెయ్యి పై పొరలో, తల్లి రెండో పొరలో, కొడుకు మూడో పొరలో. బొత్తాం తన లెక్క తను చేసుకుపోయింది. కొడుకు ముఖం సున్నం కొట్టినట్టు పాలిపోయింది, అతని చెయ్యి మాత్రం మట్టి రంగులో ముదురుగా మిగిలింది. ఎవడో మూడోవాడు చాటున దాక్కుని ఆ తల్లి భుజం పట్టుకున్నట్టుంది.

బుధవారం మధ్యాహ్నం, బొమ్మ జనంలోకి వెళ్లడానికి రెండు గంటల ముందు, నేను నా గోడలు సరిచూసుకుంటూ ఆ చెయ్యి చూశాను. దోహాన్ గారు నా వెనకే ఉన్నాడు.

"అంతా బానే ఉందా గాయోన్?"

"నా గోడలు బానే ఉన్నాయి సార్."

అబద్ధం ఆడలేదు. నోరు మూసుకోవడం ఆ గదిలో నేర్చుకున్న విద్యే, ఆ గదికే తిరిగి ఇచ్చేశాను.

సాయంత్రానికల్లా కింద వేలకొద్దీ మాటలు. ఏడుద్దామని వచ్చినవాళ్లంతా నవ్వుతున్నారు. అందరిదీ ఒకటే ప్రశ్న: "ఇదెవరి చెయ్యి?" ఆ ప్రశ్న బొమ్మ దాటిపోయింది. గిన్నెలు తోమిన చెయ్యి ఫొటో పెట్టి ఒకడు, బస్సులో కమ్మీ పట్టుకున్న చెయ్యి పెట్టి ఇంకొకడు, ఇదెవరి చెయ్యి అని అడగడమే. ఎవరో పాత ముఖాముఖి తవ్వి తీశారు. "మీ చేతివాటమేగా సార్, మరి ఇదెవరి చెయ్యి?" ఇక జనం వెనక్కి వెళ్లి ఏడాది బొమ్మలన్నీ గాలించారు. గొడుగు పట్టుకున్న వేళ్లు ఒక రంగు, మోచెయ్యి ఒక రంగు. ఒకే మెడకు రెండు రంగులు. బొత్తాం కొనుక్కున్నవాళ్లు మోసం అన్నారు. కథను పుస్తకంగా వేస్తున్న ప్రచురణకర్తలు, రంగులు చెడిన నలభై వారాల బొమ్మలకూ పాత రంగులు రావాలి, లేకపోతే అచ్చుకే పంపేది లేదని కబురు చేశారు. స్టూడియోలో ఉన్న కుర్ర పనివాళ్లకు బొత్తాం నొక్కడమే తెలుసు. దోహాన్ గారు మూడు రోజులు తనే కూర్చున్నాడు. ఎక్కడ మెట్టు వెయ్యాలో, ఎక్కడ మానాలో ఆయన చేతికి తెలిస్తే కదా.

ఆ పై వారం శనివారం నన్ను పిలిచి గొంతు తగ్గించి అడిగాడు. "పిన్ని ఇల్లు నీకు తెలుసా?"

మేం వెళ్లేసరికి అక్క కిమ్చీ పెడుతోంది. వరండా నిండా ఉప్పులో ఊరిన క్యాబేజీలు, తొట్టిలో ఎర్రటి కారం ముద్ద. రబ్బరు తొడుగులు మోచేతుల దాకా ఎర్రబడి ఉన్నాయి. వాళ్లాయన మూలన కూర్చుని వెల్లుల్లి వలుస్తున్నాడు. దోహాన్ గారు బేరిపండ్ల పెట్టె నేల మీద పెట్టి మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"బాగున్నారా పిన్నీ?"

అక్క ఆకు విప్పి కారం రాస్తూనే ఉంది. "నాకు అక్కలు లేరు సార్. మీకు పిన్నినెట్లా అయ్యాను?"

ఆయన నవ్వబోయి మానుకున్నాడు. పుస్తకం సంగతి చెప్పాడు. నలభై వారాల బొమ్మలు, రెండు నెలల గడువు, ఎంత అడిగితే అంత ఇస్తానన్నాడు. తప్పయిపోయిందని కూడా అన్నాడు, గబగబా, మధ్యలో.

"నా పేరేంటి సార్?"

ఆయన నా వైపు చూశాడు. నేను క్యాబేజీ వైపు చూశాను. ఆరేళ్లు. ఆయన ఫోనులో ఆమె నంబరు 'రంగుల పిన్ని' అని ఉండేదని నాకు తెలుసు.

"మి... మిసూక్ గారు కదా?"

"మిసూక్ ఎవరే?" అన్నాడు వాళ్లాయన అమాయకంగా.

అక్క తల ఎత్తింది. "గాయోన్, చెప్పవే సార్‌కి."

ఈసారి నోరు మూసుకోలేదు. "ప్యో మిరాన్. ప్యో, మిరాన్," అన్నాను, అవసరం కంటే గట్టిగానే. ఏడాది నుంచి గొంతులో అడ్డం పడి ఉన్న మాట అది.

"ఊరంతా మిమ్మల్ని ఒక ప్రశ్న అడుగుతోందిగా," అంది అక్క. "ముందు దానికి జవాబు రాయండి. తర్వాత మీ పని మాట్లాడదాం. ఫోను తీయండి, నేను చెప్తా."

ఆమె చెప్పింది, ఆయన రాశాడు. ఇదెవరి చెయ్యి అని అడిగారు. తొమ్మిదో రేవుకు ఆరేళ్లు రంగులు వేసిన చెయ్యి ప్యో మిరాన్ గారిది. మెట్లు ఆమె చేతివాటం. నాది కాదు.

చివరి దగ్గర ఆయన వేలు ఆగింది. "'నాది కాదు' అన్న ముక్క తీసేద్దామా? ముందే అర్థమవుతోంది కదా."

"క్యాబేజీకి ఉప్పు తగ్గిస్తే కుళ్లుతుంది సార్. ఆ ముక్కే ఉప్పు."

పంపాడు. అక్క చేతులు కారంలో ఉన్నాయి కాబట్టి నన్ను చదవమంది. నేను పైకి చదివాను. వాళ్లాయన వెల్లుల్లి ఒళ్లో వదిలేసి, "ఇంకోసారి చదువమ్మా," అన్నాడు. ఇంకోసారి చదివాను. అక్క కళ్లు తడిశాయి, కారం ఘాటు అంది. కారం ఘాటు కాదు.

దోహాన్ గారి ఫోను గుయ్యిమని మోగుతూనే ఉంది. ఆయన చూడలేదు. ల్యాప్‌టాప్ తెరిచి, పెన్ను తీసి రెండు చేతులతో అందించాడు. "సోమవారం నుంచి వస్తారా మిరాన్ గారూ? ఒక్క బొమ్మ ఇప్పుడే చేసి చూపిస్తే ప్రచురణకర్తలకు పంపిస్తాను."

అక్క తొడుగులు విప్పి, చేతులు కడుక్కుని, తుడుచుకుని కూర్చుంది. రేవులో ముగ్గురు మనుషులు, ఒకరి వెనక ఒకరు. మొదటివాడికి రంగు వేసింది. రెండోవాడికి వేసింది. మూడోవాడు. ముగ్గురూ ఒకే ముదురులో ఉన్నారు. మధ్యవాడి చేతిలో లాంతరు పసుపు మిగతా ఇద్దరి చెంపల మీదికి పాకింది. చెరిపేసి మళ్లీ మొదలుపెట్టింది. పెదాలు కదిలాయి, మొదటి మనిషి, రెండో మనిషి అని. చెయ్యి వినలేదు. మళ్లీ లాంతరు వెలుగు పాకింది.

నటిస్తోందేమోనని దోహాన్ గారి అనుమానం, ఆయన ముఖంలోనే కనబడింది. నేను ఆ చేతిని ఒక చలికాలమంతా ఈగల కర్రతో కొట్టినదాన్ని. అది నటన కాదు. పాత వాటం నిజంగానే పోయిందని అక్కకు కూడా తెలిసింది అప్పుడే. పెన్ను పట్టుకున్న వేళ్ల వైపు, మేస్త్రీ కొట్టిన ఆ వేళ్ల వైపే, కాసేపు చూసుకుంది. తర్వాత పెన్ను మెల్లగా ఆయన ముందు పెట్టింది.

"నాకిప్పుడు ఆ వాటం లేదు సార్. మాన్పించింది మీరే."

"అది కాదు... కొంచెం సాధన చేస్తే..."

"ముప్పై ఏళ్లు పడుతుంది. పుస్తకానికి రెండు నెలలే గడువన్నారు."

ఆయన ల్యాప్‌టాప్ మూసి లేచాడు. గుమ్మం దగ్గర వంగి బూట్లు తొడుక్కుంటుంటే అక్క వెనకే వెళ్లింది.

"ఉండండి. ఇంటికొచ్చిన మనిషిని ఉత్త చేతులతో పంపకూడదు."

చెప్పుల బీరువా మీద నుంచి పెట్టె దించింది. వాళ్లాయన నోరు తెరిచాడు, అక్క ఒక్క చూపు చూసేసరికి మూసుకున్నాడు. తొమ్మిది డబ్బాలు, రెండు సీసాలు, ముడి విప్పని ఎర్ర రిబ్బను, దానికి వేలాడుతున్న చీటీ: పిన్నికి, ఇన్నాళ్ల శ్రమకు. ఆ రాత దోహాన్ గారిదే కాబట్టి ఆయనకు చదవాల్సిన పని లేకపోయింది.

పెద్దవాళ్లు ఇచ్చినదాన్ని ఒంటి చేత్తో అందుకోకూడదు మరి. దోహాన్ గారు నడుం వంచి, రెండు చేతులూ చాచి పుచ్చుకున్నాడు.